అరుగుదల అనే మాట: డిస్క్ కణాలతో నా అనుభవం

2019 ఆగస్టులో హైదరాబాదులోని ఒక వైద్య పరిశోధన సంస్థలో పరిశోధక విద్యార్థినిగా చేరినప్పుడు నాకు మొదట అప్పగించిన పని ఎముకల వార్డులో. మరునాడు వెన్నెముక శస్త్రచికిత్స జరగబోయేవారి మంచం పక్కన కూర్చుని, ఆపరేషన్‌లో తీసివేసే డిస్క్ (వెన్నుపూసల నడుమ ఉండే మెత్త) ముక్కను పరిశోధనకు ఇవ్వడానికి వారి అంగీకారం తీసుకోవాలి. మేము తీసుకోకపోతే ఆ ముక్క ఆసుపత్రి వ్యర్థాల నియమాల ప్రకారం పసుపు సంచిలో పడి దహనానికి వెళ్తుంది కనుక ఎవరూ కాదనరని అనుకున్నాను. నిజంగానే ఎవరూ కాదనలేదు. కాని సంతకం పెట్టే ముందు దాదాపు అందరూ ఒకే ప్రశ్న అడిగారు.

మలక్‌పేట గంజ్‌లో ఇరవై రెండేళ్లు ఉల్లిగడ్డ బస్తాలు మోసిన ఒకాయన ఆ ప్రశ్నను అందరికంటే సూటిగా అడిగారు. "బరువులు మోసుడు వల్లనే ఇట్లయిందా బిడ్డా?" అన్నారు. నేను ఏమాత్రం తడుముకోకుండా, "అవును కాకా, మోసీ మోసీ డిస్క్ అరిగిపోయింది" అన్నాను. డాక్టర్లు అనే మాట అదే, ఎంఆర్‌ఐ చూసి వచ్చిన ప్రతి ఇంట్లోనూ వినిపించే మాట అదే, మా అంగీకార పత్రం తెలుగు ప్రతిలో ముద్రించి ఉన్న మాట కూడా అదే. ఆయన బొటనవేలికి సిరా అంటించుకుంటూ, మంచం పక్కన నేల మీద కూర్చున్న కొడుకు వైపు తిరిగి, "విన్నవా?" అన్నారు. ఆ కుర్రాడు ఏడాది కిందటే అదే గంజ్‌లో మోతకు చేరాడని నాకు ఆ తర్వాత తెలిసింది. ఆ రోజు నేను చెప్పిన జవాబు ఎంతవరకు నిజమో తెలుసుకోవడానికి నాకు నాలుగేళ్లు పట్టింది. ఆ నాలుగేళ్లలో చేసిన పనిని, దాని క్రమంలోనే, ఇక్కడ రాస్తున్నాను.

ముందు డిస్క్ గురించి కొంత చెప్పాలి. మన వెన్నెముకలో 23 డిస్కులున్నాయి. ఒక్కొక్కదానికి నడుమ నీటిని పట్టి ఉంచే మెత్తని న్యూక్లియస్, దాని చుట్టూ పొర మీద పొరగా కొల్లాజెన్ అనే ప్రొటీన్ పోగులతో అల్లిన ఆన్యులస్, పైనా కిందా వెన్నుపూసలకు ఆనుకుని పలుచని మృదులాస్థి పలకలు ఉంటాయి. పెద్దవారి డిస్క్ లోపల రక్తనాళాలు ఉండవు. నడుము డిస్క్ నడిమధ్య ఉన్న కణానికి అన్నిటికంటే దగ్గరి రక్తనాళం 6 నుంచి 8 మిల్లీమీటర్ల దూరంలో ఉంటుంది. గ్లూకోజు, ఆక్సిజన్ అంత దూరమూ ఇంకుతూ రావాలి. కణం వదిలిన లాక్టిక్ ఆమ్లం అదే దారిన వెనక్కి పోవాలి. ఇంత కరువులో బతికే కణాలు సహజంగానే కొద్ది. డిస్క్ మొత్తం పరిమాణంలో అవి సుమారు 1 శాతం. మిగిలిందంతా ఆ ఒక్క శాతం కట్టిన ఇల్లు. నీటిని లాగి పట్టుకునే అగ్రికాన్ అనే పెద్ద అణువును తయారుచేసేవి ఆ కణాలే. పాతబడిన అగ్రికాన్‌ను, కొల్లాజెన్‌ను ఎంజైములతో కోసి తొలగించేవి కూడా ఆ కణాలే. కట్టడం, కూల్చడం ఒకే చేతిలో ఉన్నాయి. కూల్చడం పైచేయి అయితే నీరు పోతుంది, ఎత్తు తగ్గుతుంది, ఎంఆర్‌ఐలో తెల్లగా కనిపించవలసిన డిస్క్ నల్లబడుతుంది. చెప్పు అడుగు అరిగేటప్పుడు ఆ తోలుకు ఏమీ తెలియదు. డిస్క్ కణానికి మాత్రం తన మీద పడిన బరువు తెలుస్తుంది, తెలిసి దానికి తగ్గట్టు తన పని మార్చుకుంటుంది. అరుగుదల అన్న మాటలో లేనిది ఇదే.

ఎంత బరువు పడుతుందన్నది కొలిచిన వారున్నారు. స్వీడన్‌లో ఆల్ఫ్ నాకెమ్సన్ 1960లలోనే సూది మొనకు పీడనమాపకం అమర్చి బతికున్న మనుషుల డిస్క్‌లో పీడనం కొలిచారు. జర్మనీలోని ఉల్మ్ నగరంలో విల్కె బృందం 1999లో ప్రచురించిన అంకెలను నేను కాగితం మీద రాసి బల్లకు అతికించుకున్నాను. ఒక ఆరోగ్యవంతుడి నడుములో నాలుగు, అయిదు పూసల నడుమ డిస్క్‌లో అమర్చిన మాపకం పడుకుంటే 0.1 మెగాపాస్కల్, నిలబడితే 0.5, నడుము వంచి 20 కిలోల బరువు ఎత్తితే 2.3 చూపింది. అదే బరువును మోకాళ్లు వంచి ఎత్తితే 1.7, ఒంటికి దగ్గరగా పట్టుకుంటే 1.1. రాత్రి ఏడు గంటల నిద్రలో డిస్క్ నీరు పీల్చుకుని పీడనం 0.1 నుంచి 0.24కు పెరిగింది. ఉల్లిగడ్డ బస్తా 50 కిలోలు. ఆ అంకెలను చూసినప్పుడల్లా నాకు గంజ్ కాక గుర్తుకొచ్చేవారు.

న్యూక్లియస్ కణానికి బరువు ఇలా అన్ని వైపుల నుంచీ నొక్కే పీడనంగా అందుతుంది. ఆన్యులస్ కణానికి అందేది వేరు: లోపలి న్యూక్లియస్ ఉబ్బినప్పుడల్లా చుట్టూ ఉన్న పోగులు సాగుతాయి, ఆ పోగులను పట్టుకుని ఉన్న కణం కూడా వాటితోపాటే సాగుతుంది. కణాలను సాగదీసే యంత్రం మా విభాగంలో ఉంది, పీడన గది లేదు. నేను ఆన్యులస్‌ను ఎంచుకోవడానికి అసలు కారణం అదే. నాకు దారి చూపింది మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో జుడిత్ హోయ్‌లాండ్ బృందం పని. వారు 2010లో, ఆరోగ్యంగా ఉన్న ఆన్యులస్ కణాలను 10 శాతం మేర, సెకనుకు ఒకసారి చొప్పున, 20 నిమిషాలు సాగదీస్తే కూల్చే ఎంజైముల జన్యువులు నెమ్మదిస్తాయని చూపారు. క్షీణించిన డిస్క్ నుంచి తీసిన కణాలను అంతే మేర, అంతే వేగంతో, అంతే సేపు సాగదీస్తే ఆ నెమ్మదింపు కనిపించలేదు. పైగా కట్టే జన్యువులే తగ్గాయి. మన దగ్గరి రోగుల కణాల్లో కూడా ఇలాగే జరుగుతుందా అన్నది నా పని.

శస్త్రచికిత్స గది బయట మంచు పెట్టె పట్టుకుని గంటల తరబడి నిలబడడంతో ప్రతి ప్రయోగమూ మొదలయ్యేది. ముక్క చేతికి వచ్చిన క్షణం నుంచి గడియారం మొదలవుతుంది. గులాబి రంగు పోషక ద్రవంలో ముంచి, కోడు నంబరు రాసి, రోగి పేరును గది లోపలే వదిలేసి, మూడంతస్తులు మెట్లు దిగి ప్రయోగశాలకు తెచ్చేదాన్ని. పుస్తకంలో బొమ్మ చూసి ఆన్యులస్ ఇది, న్యూక్లియస్ ఇది అని గీత గీయడం తేలిక. సర్జన్ చిమటాతో తీసిన ముక్కల్లో ఆ గీత ఉండదు. జారిన డిస్క్ ముక్కలో న్యూక్లియస్, ఆన్యులస్, కొన్నిసార్లు మృదులాస్థి పలక, వాటి నడుమ గడ్డకట్టిన రక్తం అన్నీ కలిసి వస్తాయి. పూసలను బిగించే ఆపరేషన్‌లో డిస్క్‌ను ఎక్కువగా తీస్తారు కాబట్టి పొరలు గుర్తించగలిగే పట్టీలు దొరుకుతాయి. మొదటి ఆరు నెలలు నేను అన్ని రకాల ముక్కలనూ తీసుకుని, తర్వాత పొరలు స్పష్టంగా కనిపించని వాటిని పక్కన పెట్టడం నేర్చుకున్నాను. ఏది ఆన్యులస్సో తెలియకుండా చేసిన ప్రయోగానికి ఎంత మంచి ఫలితం వచ్చినా అర్థం లేదు.

ముక్కను ఉప్పు ద్రావణంలో కడిగి, రెండు మూడు మిల్లీమీటర్ల తునకలుగా కోసి, ముందు ప్రోనేజ్ అనే ఎంజైములో గంటసేపు, తర్వాత కొల్లాజినేజ్ అనే ఎంజైములో 37 డిగ్రీల వద్ద రాత్రంతా ఊపుతూ ఉంచుతాము. కొల్లాజెన్ కరిగి కణాలు విడివడతాయి. ఎంజైము తక్కువైతే కణం బయటికి రాదు, ఎక్కువైతే కణం పైపొరలో సంకేతాలను అందుకునే గ్రాహకాలు కూడా దెబ్బతింటాయి. మొదట్లో నేను రాత్రి పదికి పెట్టి ఉదయం పదికి తీసేదాన్ని. బతికున్న కణాలు సగం కూడా ఉండేవి కావు. తర్వాత తెల్లవారుజామున లేచి వచ్చి తీయడం అలవాటు చేసుకున్నాను. కాలేయమో చర్మమో పెంచే స్నేహితులు ఒక్క ముక్క నుంచి లెక్కలేనన్ని కణాలు తీస్తుంటే, నాకు ఒక గ్రాము ఆన్యులస్ నుంచి లక్ష కణాలు దొరికితే ఆ రోజు పండుగ. ఒక వానాకాలంలో ఇంక్యుబేటర్‌కు బూజు పట్టి ఏడుగురు దాతల కణాలు పోయాయి. ఆ ఏడుగురి అంగీకార పత్రాలు తీసి ఒక్కొక్క సంతకం చూస్తూ కూర్చున్న సాయంత్రం నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ ముక్కలు మళ్లీ ఇవ్వమని ఎవరినీ అడగలేము.

దొరికిన లక్ష కణాలు ప్రయోగానికి చాలవు కాబట్టి పెంచాలి. ఇక్కడ ఇంకొక చిక్కు ఉంది. చదునైన ప్లాస్టిక్ మీద పరచి పెంచిన డిస్క్ కణం రెండు మూడు తరాలకే తన రూపం, తన పని మరిచిపోయి మామూలు ఫైబ్రోబ్లాస్ట్‌లా (పీచు కణజాలపు కణంలా) మారిపోతుంది. అందువల్ల రెండో తరం దాటిన కణాలను వాడకూడదని నాకు నేనే నియమం పెట్టుకున్నాను. ఈ నియమం పెట్టుకోక ముందు, నా తొలి పోలికల్లో క్షీణించిన కణాలకూ ఆరోగ్యకరమైన కణాలకూ తేడా ఏమీ కనిపించలేదు. చాలా రోజులు తల పట్టుకున్నాక నోటు పుస్తకాలు తిరగేస్తే, కొన్నింటిని అయిదో తరంలో, కొన్నింటిని మొదటి తరంలో సాగదీసినట్లు తేలింది. ఆ ఫలితాలన్నీ పక్కన పెట్టేశాను.

సాగదీసే యంత్రం గురించి వివరంగా చెప్పాలి, ఎందుకంటే పనిలో అతి సున్నితమైన భాగం అదే. ఆరు వెల్స్ (కణాలు పెంచే గుండ్రని గుంటలు) ఉన్న ప్లేట్ అడుగున గట్టి ప్లాస్టిక్‌కు బదులు కొల్లాజెన్ పూసిన మెత్తని సిలికాన్ పొర ఉంటుంది. కణాలు ఆ పొర మీద అతుక్కుంటాయి. ప్లేట్ కింద ప్రతి వెల్‌కూ ఒక గుండ్రని దిమ్మె ఉంటుంది. వాక్యూమ్ పంపు కింది నుంచి గాలి లాగినప్పుడు పొర అంచులు దిమ్మె చుట్టూ కిందికి దిగి, దిమ్మె మీద ఉన్న నడిమి భాగం అన్ని దిక్కులకూ సమానంగా సాగుతుంది. గాలి వదిలితే యథాస్థితికి వస్తుంది. సెకనుకు ఒకసారి, 20 నిమిషాల్లో 1200 సార్లు. పొర దిమ్మె మీద జారడానికి సిలికాన్ జిడ్డు పూయాలి. అది సమానంగా పూయకపోతే కంప్యూటర్ తెర మీద 10 శాతం అని చూపుతున్నా పొర అంత సాగదు. ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు, యంత్రంతో వచ్చిన పుస్తకంలో ఒకే వాక్యంలో ఉంది. ఒకే ప్లేట్‌లో రెండు వెల్స్ ఎప్పుడూ మిగతా నాలుగింటికి భిన్నంగా ప్రవర్తిస్తుంటే అనుమానం వచ్చి, కణాలు లేని ఖాళీ పొరల మీద సన్నని ఇంకు చుక్కలు పెట్టి, సాగక ముందూ సాగినప్పుడూ ఫొటోలు తీసి, చుక్కల నడుమ దూరాలు కొలిచాను. ఆ రెండు వెల్స్‌లో సాగుదల సగమే. ఆ రోజు నుంచి ప్రతి ప్రయోగానికి ముందు జిడ్డు నేనే పూసి, చుక్కలు కొలిచి, అంకెలు పుస్తకంలో రాశాకే కణాలను ముట్టుకునేదాన్ని. ఈ రంగంలోకి కొత్తగా వచ్చేవారికి నేను గట్టిగా చెప్పే మాట ఇదొక్కటే: యంత్రం చెప్పిన సాగుదలను నమ్మవద్దు, మీ పొర మీద మీరే కొలవండి.

పోలిక కోసం పెట్టే కణాలను కూడా ఇదే సిలికాన్ పొర మీద, ఇదే ఇంక్యుబేటర్‌లో, సాగదీయకుండా ఉంచాలి. మామూలు ప్లాస్టిక్ ప్లేట్‌తో పోలిస్తే పొర మెత్తదనం వల్ల వచ్చిన తేడాను సాగుదల వల్ల వచ్చినట్టు చదువుతాము. పైన ఉన్న పోషక ద్రవం కూడా పొరతోపాటు ఊగుతుంది, ఆ ప్రవాహం కణానికి వేరే సంకేతం. దాన్ని పూర్తిగా విడదీయలేకపోయాను. నా సిద్ధాంత గ్రంథంలో ఆ మాట దాచకుండా రాశాను.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి అత్యవసరం కాని ఆపరేషన్లన్నీ ఆగిపోయాయి. ఉన్న కణాలను ద్రవ నత్రజనిలో దాచి, చాలా నెలలు చదువుతోనే గడిపాను.

పని తిరిగి మొదలయ్యాక ఎదురైన అసలు కష్టం ఆరోగ్యకరమైన డిస్క్. క్షీణించిన డిస్క్‌కు ఆసుపత్రిలో కొదవ లేదు. బాగున్న డిస్క్‌ను ఎవరూ తీయించుకోరు. మాకు అది దొరికే దారులు రెండే: పెరిగే వయసులో వెన్ను వంకర తిరిగిన పిల్లల శస్త్రచికిత్స, ప్రమాదంలో పూస చితికినవారి శస్త్రచికిత్స. వెన్ను వంకరలో డిస్క్ మీద బరువు ఎప్పుడూ ఒకే వైపు పడి ఉంటుంది కాబట్టి దాన్ని పూర్తిగా ఆరోగ్యకరమని అనలేము. మిగిలింది ప్రమాదాలు. అలా నాకు దొరికిన మొదటి మంచి డిస్క్ బైకు మీద వెళ్తూ లారీ ఢీకొన్న పందొమ్మిదేళ్ల అబ్బాయిది. కాళ్లు కదలని కొడుకు స్ట్రెచర్ పక్కన నిలబడిన తల్లిని అంగీకారం అడగడానికి నాకు నోరు రాలేదు. వెనక్కి వచ్చేశాను. మా సీనియర్ డాక్టరమ్మ వెళ్లి, ఇది ఆ అబ్బాయి చికిత్సకు ఏ విధంగానూ ఉపయోగపడదని, కాదన్నా ఏ తేడా రాదని ముందే చెప్పి, తర్వాత అడిగారు. ఆ తల్లి తలూపి, "ఎవరికన్నా పనికొస్తే తీసుకోండి" అన్నారట. ఆ డిస్క్ ముక్క తెల్లగా, తడిగా, కత్తికి ఎదురు తిరిగేంత బిగువుగా ఉంది. అప్పటిదాకా నేను చూసినవన్నీ పసుపు, గోధుమ రంగుల్లో పీచుపీచుగా విడిపోయేవి. నా పరిశోధనలోని ప్రతి పోలికకూ ఒకవైపు అలాంటి కొద్దిమంది కణాలే ఉన్నాయి. గ్రాఫులో అవి నాలుగు చుక్కలు.

ప్రయోగం ముగిశాక వెంటనే, గంటకు, మూడు గంటలకు, 24 గంటలకు కణాల నుంచి ఆర్‌ఎన్‌ఏ తీసి, ఏ జన్యువు ఎంత పలుకుతోందో, అంటే ఎంత చురుగ్గా పనిచేస్తోందో, పీసీఆర్ అనే పరీక్షతో కొలిచాను. పోలికకు ఆధారంగా తీసుకునే జన్యువు సాగుదల వల్ల తానే మారకూడదు. దాన్ని తేల్చుకోవడానికే రెండు నెలలు పోయాయి. చివరికి కనిపించింది మాంచెస్టర్ వారు చెప్పిన దిశలోనే ఉంది. ఆరోగ్యకరమైన కణాల్లో 24 గంటలకు కూల్చే ఎంజైములైన ఎంఎంపీ-3, అగ్రికాన్‌ను కోసే ఆడమ్‌టీఎస్-4 రెండూ తగ్గాయి: సాగుదల ఆ కణాలకు ఊరట. క్షీణించిన డిస్క్ కణాల్లో ఎక్కువమందివి ఆ ఎంజైములను తగ్గించలేదు, అగ్రికాన్ తయారీ మాత్రం తగ్గించాయి. దాతకూ దాతకూ తేడా చాలా ఉంది. ఒకరిద్దరి కణాలు క్షీణించిన డిస్క్‌వే అయినా ఆరోగ్యకరమైన వాటిలా స్పందించాయి. నమూనాల సంఖ్య చిన్నది కనుక దీన్ని కొత్త ఆవిష్కరణగా నేను చెప్పుకోను. కాని యంత్రం అదే, సాగుదల అదే, 20 నిమిషాలూ అవే. వేరైంది కణం మాత్రమే.

ఎందుకు వేరైందన్నదే నన్ను ఎక్కువగా పట్టుకున్న ప్రశ్న. మాంచెస్టర్ బృందమే 2011లో ఆరోగ్యకరమైన కణం సాగుదలకు ఇచ్చే మేలైన స్పందనకు ఇంటర్‌ల్యూకిన్-1, ఇంటర్‌ల్యూకిన్-4 అనే సంకేత అణువులు రెండూ అవసరమని, క్షీణించిన కణం ఆ దారిని వాడడం లేదని చూపింది. ఇంటర్‌ల్యూకిన్-1 అంటే మనకు వాపును, విధ్వంసాన్ని రేపే అణువుగానే పరిచయం. అదే అణువు కొద్ది మోతాదులో, సాగుదలతో కలిసి వచ్చినప్పుడు కూల్చడాన్ని అదుపు చేసే సంకేతంలో భాగమవుతుందని చదివినప్పుడు నేను ఆ వ్యాసాన్ని మూడుసార్లు మొదటి నుంచి చదివాను. న్యూక్లియస్ కణాల విషయంలో 2009లో లె మేట్రె మొదలైనవారు ఇలాంటిదే చూశారు: ఆరోగ్యకరమైన కణం పీడనాన్ని ఇంటిగ్రిన్ అనే గ్రాహకం ద్వారా గుర్తిస్తుంది, ఆ గ్రాహకాన్ని మూసివేస్తే స్పందన ఆగిపోతుంది. క్షీణించిన కణంలో దాన్ని మూసినా స్పందన ఆగలేదు, అంటే అది వేరే తలుపు నుంచి వింటోంది. బరువు మోయడం అన్నది ఒక మాట అనుకుంటే, దాన్ని వినే చెవి మారిపోయింది.

చెవితోపాటు మాట కూడా, అంటే కణం మీద పడే బరువు కూడా, మారుతుందని గుర్తుంచుకోవాలి. న్యూక్లియస్‌లో నీరున్నంత కాలం అది బరువును అన్ని వైపులకూ సమంగా పంచుతుంది. మైక్ ఆడమ్స్ వంటి పరిశోధకులు డిస్క్ గుండా పీడనమాపకాన్ని మెల్లగా లాగుతూ కొలిస్తే, ఆరోగ్యకరమైన డిస్క్‌లో గీత బల్లపరుపుగా ఉండగా, క్షీణించిన డిస్క్‌లో ఆన్యులస్‌లో, ముఖ్యంగా వెనుక వైపున, ఒత్తిడి శిఖరాలు లేచాయి. అంటే నీరు తగ్గిన డిస్క్‌లో, అంతవరకు సాగుతూ బతికిన ఆన్యులస్ కణం నలిగే స్థితిలో పడుతుంది. పీడనం మోతాదు మారినా కణం పని మారుతుంది: జపాన్‌లో హండా మొదలైనవారు 1997లో మానవ డిస్క్ కణజాలాన్ని 0.3 మెగాపాస్కల్ దగ్గర ఉంచితే కట్టే పని పెరిగిందని, 3 మెగాపాస్కల్ దగ్గర అది తగ్గి కోసే ఎంజైము పెరిగిందని కనుగొన్నారు. వంగి బరువెత్తినప్పటి 2.3 అన్న అంకెను దీని పక్కన పెట్టి చూడండి. అయితే బరువెత్తడం కొన్ని సెకన్ల పని, ప్రయోగంలో పీడనం గంటల తరబడి ఉంటుంది. ఈ రెంటినీ ఒకటిగా తీసుకునే పొరపాటు నేను చేశాను, మా గురువుగారు దిద్దారు. ఇక కట్టే పని ఎంత నెమ్మదైనదో చెప్పడానికి ఒక్క సంగతి చాలు: డిస్క్‌లో అగ్రికాన్ సగం మారడానికి సుమారు 12 ఏళ్లు పడుతుంది. ఇవాళ తగ్గిన తయారీ లోటు పదేళ్లకు గాని బయటపడదు.

అయితే గంజ్ కాక ప్రశ్నకు జవాబు ఏమిటి? 1995లో ఫిన్లాండ్‌కు చెందిన 115 జతల ఏకరూప కవల సోదరుల వెన్నుల ఎంఆర్‌ఐలు పోల్చిన అధ్యయనం వచ్చింది. ఒకే జన్యువులతో పుట్టి, ఒకరు బరువు పని, ఒకరు తేలిక పని చేసినవారు కూడా వారిలో ఉన్నారు. డిస్క్ క్షీణతలో మనిషికీ మనిషికీ ఉన్న తేడాలో శారీరక శ్రమ వివరించగలిగింది 10 శాతం లోపే. పుట్టుక, పెంపకం వివరించినది దానికి ఎన్నో రెట్లు. ఈ అధ్యయనాన్ని చదివినప్పుడు, ఆ రోజు వార్డులో నేను ఆయనకు చెప్పిన జవాబు నా నోట్లో చేదుగా తిరిగింది. అలాగని మోతకు సంబంధమే లేదని కూడా దీన్నిబట్టి అనలేము. అది ఎంఆర్‌ఐలో కనిపించే క్షీణత గురించి చెప్పింది, నొప్పి గురించి చెప్పలేదు. ఆ కవలల పనీ, రోజంతా 50 కిలోల బస్తాలు వీపున వేసుకుని లారీ పలక ఎక్కే పనీ ఒకటేనని కూడా అనలేము. నాకు తోచినంతలో, మోత ఒక్కటే డిస్క్‌ను అరగదీయదు. పుట్టుకతో, వయసుతో, ఆహారం అందక కణాలు బలహీనపడ్డ డిస్క్‌లో అదే మోత వేరుగా పనిచేస్తుంది. ఒక గిన్నెలో సాగదీసిన కణాలను చూపించి ఎవరినైనా పని మానమనో, వ్యాయామం చేయమనో చెప్పే హక్కు నాకు లేదు. కాని అరిగిపోయింది అన్న మాటతో ఒక మనిషిని తన ఇరవై రెండేళ్ల కష్టమే తనను చెడగొట్టిందని నమ్మించే హక్కు కూడా నాకు లేదు.

2022లో అంగీకార పత్రాన్ని, పరిశోధనలను పరిశీలించి అనుమతించే నీతి సంఘం ముందు మళ్లీ పెట్టవలసి వచ్చినప్పుడు తెలుగు ప్రతిని నేనే తిరిగి రాశాను. "అరిగిపోయిన డిస్క్" అన్న చోట "లోపలి కణాలు బలహీనపడి, నీరు తగ్గిన డిస్క్" అని పెట్టాను. సంఘంలోని సామాన్య సభ్యురాలు ఒకామె, పదవీవిరమణ చేసిన బడి పంతులమ్మ, "కణాలు అంటే ఎవరికి తెలుస్తుందమ్మా?" అని అడిగారు. చాలా సేపు మాట్లాడుకున్నాక "డిస్క్‌ను కట్టి, బాగుచేస్తూ ఉండే, కంటికి కనిపించనంత చిన్న ప్రాణులు" అన్న ఆమె వాక్యమే ఉంచాము. శాస్త్రరీత్యా ప్రాణులు అనడం సరికాదేమోనని నేను నసిగితే, ఆమె, "బతికున్నవే కదా?" అన్నారు.

గంజ్ కాక ఆ తర్వాత ఒకసారి ఆసుపత్రి మెట్ల దగ్గర కనిపించారు. కాలి తిమ్మిరి తగ్గింది, మోత మాని కాంటా దగ్గర తూకం రాసే పనిలో చేరారు. నన్ను గుర్తుపట్టి, "నా ముక్కతోటి ఏమన్న తెలిసిందా?" అని అడిగారు. ఆ రోజు తొందరపడి చెప్పాను కాకా, అన్నాను. మోసినందుకే అయిందని చెప్పలేమని, కొందరి డిస్క్ పుట్టుకతోనే త్వరగా బలహీనపడుతుందని, బలహీనపడ్డాక బరువును అది వేరేగా తీసుకుంటుందని, అది ఎట్లాగో ఇంకా చూస్తున్నామని చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, "మరి మావోనికి?" అన్నారు. కొడుకు ఇంకా మోతలోనే ఉన్నాడు. తండ్రికి ఉన్నంత మాత్రాన కొడుక్కి వస్తుందని కాదు గాని, కాలు లాగినా, తిమ్మిరి పట్టినా ఆలస్యం చేయకుండా తీసుకురమ్మని, బస్తాను ఒంటికి దగ్గరగా పట్టుకుని మోకాళ్ల మీద లేవమని చెప్పాను. ఆ రెండో మాటకు ఉల్మ్ అంకెల ఆధారం ఉంది.

నమూనాల మీద పేర్లు ఉండవు, కోడు నంబర్లే. కాని ఆయన ఆపరేషన్ రోజున మంచు పెట్టెలో వచ్చింది ఒక్క నమూనాయే కనుక ఆ నంబరు నాకు తెలుసు. దాని మొదటి తరం కణాలు ఒక్క గొట్టంలో ఇంకా ద్రవ నత్రజనిలో ఉన్నాయి. మాంచెస్టర్ వారు వేగం తగ్గించి మూడు సెకన్లకు ఒకసారి సాగదీసినప్పుడు ఆరోగ్యకరమైన కణాలు కూడా కూల్చే వైపు మొగ్గాయి. క్షీణించిన కణాలను ఆ వేగంలో నేను ఇంకా చూడలేదు. పొరల మీద చుక్కలు పెట్టి సాగుదల కొలిచి ఉంచాను. వచ్చే సోమవారం ఆ గొట్టం బయటికి తీస్తున్నాను.